స్వాతంత్ర్య విప్లవములు - వాని వెనుక నిలిచిన వర్గములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేయబడిన ప్రసంగ పాఠము)



మనకు స్వాతంత్ర్యము తెచ్చినవారెవరని అడిగినచో మనలో ప్రతి ఒక్కరును నలుగురైదుగురు నాయకుల పేర్లు చెప్పగలరు. అట్లు చెప్పుట న్యాయమే. కాని ఎంత గొప్ప నాయకుడైనను ఒంటరిగా ఒక ప్రభుత్వమును కదలింపజాలడు. ఆయన వెనుక నడచిన జనమెవరు, వారు ఏ బాధకు ఓర్వలేక నడచిరి, గెలిచిన పిమ్మట వారికి దక్కినదేమి అను సంగతులు తెలిసిననే గాని ఆ విప్లవమును మనము తెలిసికొన్నట్లు కాదు. కావున ఏ దేశపు పోరాటమును గురించి వినినను నాలుగు ప్రశ్నలు వేసికొనవలసినదిగా మిమ్ములను కోరుచున్నాను. మొదటిది, ఆ పాలనలో బరువు మోసినవారెవరు? రెండవది, తిరుగుబాటునకు ముందు నిలిచినవారెవరు? మూడవది, వారికి కూడు, గూడు, కబురు అందించినవారెవరు? నాలుగవది, తుదకు భూమియు అధికారమును ఎవరి చేతికి వచ్చెను?

ముందుగా బయటి దేశముల సంగతి కొంచెము చెప్పెదను. అమెరికాలోని పదమూడు వలస రాజ్యములు 1776లో ఇంగ్లండు నుండి స్వతంత్రించినట్లు చాటుకొనెను. అచ్చట ముందు నిలిచినవారు వర్తకులు, న్యాయవాదులు, పెద్ద తోటల యజమానులు. మానవులందరును సమానులని వారు ప్రకటించిరి. కాని ఆ తోటలలో పని చేయు నీగ్రో బానిసలకు విముక్తి 1865 వరకు కలుగలేదు. విప్లవము అబద్ధమని దీని అర్థము కాదు. ముందు నిలిచిన వర్గమునకు ఎంత కావలెనో అంతవరకే అది నడచినదని అర్థము.

హైతీ ద్వీపములో ఇందుకు వ్యతిరేకముగా జరిగెను. ఫ్రెంచివారి చెరకుతోటలలోని బానిసలే 1791లో తిరుగబడి, పండ్రెండేండ్లకు పైగా పోరాడి, 1804లో స్వతంత్ర దేశమును స్థాపించిరి. అచ్చట బరువు మోసినవారే ముందు నడచిరి గనుక బానిసత్వము మరల తలయెత్తలేదు. అయితే ఫ్రాన్సు 1825లో ఆ చిన్న దేశముపై పదిహేను కోట్ల ఫ్రాంకుల పరిహారమును విధించెను. తమ శరీరములను తాము విడిపించుకొన్నందుకు పూర్వపు యజమానులకు వారు తరతరములు సొమ్ము చెల్లింపవలసి వచ్చెను.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున స్పెయిను పాలనను తొలగించినవారిలో ముఖ్యులు అచ్చటనే పుట్టిన స్పానిషు సంతతి భూస్వాములు. స్పెయిను రాజునకు అచ్చటి ఆదిమవాసులు కట్టుచుండిన తలపన్ను స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకే వేరొక పేరుతో తిరిగి వచ్చెను. అది 1854 వరకు సాగెను. రాజు మారెను గాని పన్ను మారలేదు. ఏరు దాటిన పిదప తెప్పను తగులబెట్టుట అనగా ఇదియే.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. ఖమ్మము, భద్రాచలము నడుమనున్న ఈ అడవి అంచు ఇట్టి విషయములకు పాఠశాల వంటిది. ఏలననగా గోదావరికి ఇరు దరులయందును ఒకే కోయలు, ఒకే కొండరెడ్లు నివసించుచుండిరి, కాని వారిపై రెండు ప్రభుత్వములు ఉండెను. ఖమ్మము వైపు నైజాము పాలన. భద్రాచలము వైపు 1860లో నైజాము నుండి ఇంగ్లీషువారికి సంక్రమించి మధ్య పరగణాలలో చేరెను. 1874లో దానిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపిరి. స్వాతంత్ర్యానంతరము 1959లో ఖమ్మము జిల్లాలో చేర్చిరి. 2014లో రాష్ట్ర విభజన జరిగినపుడు భద్రాచలము పట్టణము తెలంగాణములో ఉండిపోగా, చుట్టునున్న కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో చేరెను. గీత గీచినప్పుడెల్ల గూడెము కదలలేదు. గూడెముపై నుండు చట్టము మాత్రము కదలెను.

గీత మారుటవలన ఏమి జరుగునో 1879లో రేకపల్లె తెలిపెను. మధ్య పరగణాల పాలనలో రేకపల్లె ప్రాంతపు గిరిజనుడు గొడ్డలి ఒక్కింటికి నాలుగణాలు చెల్లించి, టేకు తప్ప తక్కిన చెట్లు కొట్టుకొని పోడు చేసికొనుచుండెను. మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చిన పిదప ఆ పన్ను ఇంచుమించు మూడు రెట్లయ్యెను. కొన్ని తావులలో పోడు కొట్టుటయే కూడదనిరి. నేల అదియే, గొడ్డలి అదియే, మనిషి వాడే. కచ్చేరి మాత్రమే మారెను.

ఆ సమయమునకే తూర్పున రంప కొండలు మండుచుండెను. అచ్చటి కథ ఇట్లున్నది. కొండలలోని గ్రామములు ముఠాలుగా ఏర్పడియుండెను. ఒక్కొక్క ముఠాకు ఒక్కొక్క ముఠాదారుడు. వారందరిపైన ఒక మన్సబుదారుడు. ఇంగ్లీషు ప్రభుత్వము ఈ మన్సబుదారుని బలపరచెను. అతడు ముఠాదారుల హక్కులను కబళించి శిస్తులు పెంచుచు వచ్చెను. దానికి తోడు ఇంటి త్రాగుడుకు కల్లు గీచుకొనరాదను ఆబ్కారీ నిబంధన వచ్చెను. కల్లు ఆదాయమును గుత్తకు ఇచ్చిరి. చిగురుపన్ను అను పేరున గుత్తదారులు వసూలు చేయుచుండగా, మన్సబుదారుడు దానిపై మరియొక పన్నును కోరెను. కొండవానికి కల్లు ఒక విలాసము కాదు. ఎండకాలమున గింజలు నిండుకొన్నపుడు అదియే అతని ఆహారము. ఇది చాలదన్నట్లు పల్లపు వర్తకులు చిన్న చిన్న అప్పులకు దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది రాకుండగనే డిక్రీలు పొంది, పశువులను తోలుకొని పోవుచుండిరి. పోలీసులు వారికి తోడు వచ్చుచుండిరి.

1879 మార్చిలో చోడవరము ప్రాంతమున పోలీసులపై దాడులతో తిరుగుబాటు మొదలయ్యెను. ఏప్రిలులో విశాఖపట్టణము జిల్లా గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలము తాలూకాలోని రేకపల్లెకు ప్రాకెను. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి మొదలగువారు నాయకులు. రేకపల్లె ప్రాంతమున వడ్డిగూడెము పోలీసు ఠాణాపై అంబుల్‌రెడ్డి దాడి చేసెను. దీనిని అణచుటకు ప్రభుత్వము ఆరు మద్రాసు కాల్బలపు రెజిమెంట్లను, ఆశ్వికులను, సాపర్లను, హైదరాబాదు కంటింజెంటు సైన్యమును దింపవలసి వచ్చెను. నైజాము సేనలు ఇంగ్లీషువారికి తోడు వచ్చిన సంగతి గమనింపుడు. ప్రజలు గీతకు ఆవల ఒకరు, ఈవల ఒకరుగా విడిపోయియుండిరి. పాలకులు మాత్రము గీత దాటి కలిసిరి.

ఇక మన నాలుగు ప్రశ్నలు వేసికొందము. బరువు మోసినవారు పోడు రైతులు. ముందు నడచినవారు హక్కులు పోగొట్టుకొన్న ముఠాదారులు, వారి అనుచరులు. దాచినవారు, దారి చూపినవారు గూడెముల జనులు. ఫలితమేమి? మన్సబుదారుని తొలగించిరి. కల్లు పన్నులను ఎత్తివేసిరి. ముఠాదారులతో ప్రభుత్వము నేరుగా ఒడంబడికలు చేసికొనెను. అనగా తిరుగుబాటు ఓడిపోయినను కొన్ని కోరికలు నెరవేరెను. అయితే వానిలో పెద్ద భాగము ముఠాదారులకు దక్కెను. పోడు రైతునకు ఏమి దక్కెను? 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చెను. రిజర్వు హద్దులు గూడెముల వాకిళ్లకు వచ్చెను.

నలువదేండ్ల తరువాత ఈ అడవుల బాధయే అల్లూరి సీతారామరాజు రూపమున పలికెను. రాజుగారు కొండవారు కారు, పల్లమునుండి వచ్చిన చదువరి. ఆయనతో కలిసిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు పలుకుబడి కోల్పోయిన కుటుంబమువారు. గూడెము ప్రాంతమున బాటలు వేయుటకు కొండవారిని చాలీచాలని కూలికి, బలవంతముగా పనికి ఈడ్చుచుండిరి. అడవిలో పోడునకును మేతకును నిర్బంధము పెరిగెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను. తుపాకులు తీసికొని రసీదు వ్రాసి ఇచ్చుచుండిరి. మలబారు స్పెషలు పోలీసును, అస్సాం రైఫిల్సును రప్పించి ప్రభుత్వము రెండేండ్లు శ్రమపడెను. 1924 మే 7న రాజుగారు కొయ్యూరు వద్ద కాల్చబడిరి.

ఇచ్చట మనము ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ కాలమున పల్లములో సహాయ నిరాకరణోద్యమము జరుగుచుండెను. పెదనందిపాడు రైతులు పన్నులు నిరాకరించిరి. చీరాల-పేరాల ప్రజలు ఊరు విడిచిరి. పల్నాటిలో పుల్లరిపై తిరుగబడి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చెను. ఒకే రెండేండ్లలో, ఒకే ప్రభుత్వముపై, ఒకే తెలుగు ప్రజలు లేచిరి. అయినను కొండలోని పోరు వేరుగను, పల్లములోని పోరు వేరుగను సాగెను. కొండవారికి పల్లపు వర్తకుడు కూడ దొరవంటివాడే. పల్లపు రైతునకు కొండ అనగా భయము. ఈ ఎడమును దాటి వచ్చినవారు మిక్కిలి తక్కువ. రాజుగారి గొప్పతనములో సగము ఆ ఎడమును దాటుటయందే కలదు. ఆయన ఓటమిలో సగము ఆ ఎడము మిగిలిపోవుటయందు కలదు. మల్లుదొర పట్టుబడి దీర్ఘకాలము శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ప్రభుత్వము పట్టుకొనుటకు వెదకిన మనిషిని ప్రజలు పార్లమెంటుకు పంపిరి.

మనకు ఉత్తరముననున్న బస్తరులో 1910లో భూమ్‌కాల్ అను తిరుగుబాటు జరిగెను. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయదలచినందుననే ప్రజలు లేచిరి. నేతానారు గుండాధూర్ వారికి నాయకుడని జనము చెప్పుకొందురు. సైన్యము దానిని అణచినది, కాని రిజర్వు చేయదలచిన అడవి ఇంచుమించు సగమునకు తగ్గెను. రంప, రేకపల్లె, బస్తరు మూడింటను కారణము ఒక్కటే. అడవిని ప్రభుత్వము కలప కొట్టుగా చూచెను, ప్రజలు ఇల్లుగా చూచిరి.

ఇక గోదావరికి పడమటి దరి చూడుడు. నైజాము రాజ్యములో భూమి ఇంచుమించు పదింట ఆరు వంతులు సర్కారు క్రింద, మూడు వంతులు జాగీర్ల క్రింద, ఒక వంతు నైజాము స్వంత ఖర్చు క్రింద ఉండెను. సర్కారు గ్రామములలో గూడ దేశముఖులు, పటేలు పట్వారీలు చెప్పినదే చట్టము. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వెట్టి చేయవలెను. కౌలుదారునకు పట్టా లేదు. నాగు తీసికొన్న గింజ తిరిగి వచ్చునప్పటికి ఒకటికి ఒకటిన్నర యగుచుండెను.

ఇచ్చట మొదట మేల్కొన్నవారు చదువరులు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమయ్యెను. గ్రంథాలయములు, తెలుగు బడులు, వెట్టి నివారణ వారి కోరికలు. వారిలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు, చిన్న భూస్వాములు ఉండిరి. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసును పుట్టకముందే నిషేధించిరి. ఎర్రుపాలెమునకు చెందిన జమలాపురము కేశవరావుగారు మధిర ప్రాంతమున దాని కొరకు పాటుపడి చెరసాలలకు వెళ్లిరి. 1944 భువనగిరి సభతో మహాసభలో చీలిక వచ్చెను. 1945లో మన ఖమ్మములోనే జరిగిన సభకు వేలకొలది రైతులు వచ్చిరి. అంతవరకు గ్రంథాలయమును కోరిన సభ, ఆ పిమ్మట భూమిని కోరెను. సభకు వచ్చిన జనము మారినందుననే సభ కోరిక మారెను.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు కూలెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన గింజను దేశముఖుకు ఇయ్యక నిలిచెను. వెట్టివారు, కౌలుదార్లు, కూలీలు, మధ్యతరగతి రైతులు ఒక్కటై నడచిరి. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనిక చర్యతో నైజాము పాలన ముగిసెను. అచ్చటితో ఉద్యమములోని వర్గములు విడిపోయెను. నవాబు పోవుటయే చాలునన్నవారు ఆగిరి. భూమి చేతికి రానిదే ఆగమన్నవారు అడవులకు మరలిరి. ఇల్లెందు, పాల్వంచ అడవుల కోయ గూడెములు 1951 అక్టోబరు వరకు ఆ పోరాటమునకు ఆశ్రయములయ్యెను. ఇరుప్రక్కల నుండియు వారు కష్టములు పొందిరి. అన్నము పెట్టినవారు కోయలు, గూడెము విడిచి బాట ప్రక్కకు పోవలసి వచ్చినవారును కోయలే.

ఫలితము చూడుడు. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీకి నూరెకరములు ఇచ్చుటతో భూదానము పుట్టెను. ఇవి చిన్న సంగతులు కావు. అయితే చట్టము చదువగలవానికి, కచ్చేరికి పోగలవానికి, పట్టాలో పేరు ఎక్కించుకొనగలవానికి ముందు మేలు కలిగెను. కాగితము తెలియని కోయ రైతు వెనుకబడెను. గోదావరి తూర్పున ఏజెన్సీ భూమిని కాపాడు చట్టము 1917 నుండియే ఉండెను. పడమటి దరిన అట్టి రక్షణ 1940 తరువాతనే వచ్చెను. జోడేఘాట్‌లో కొమరము భీము ప్రాణమిచ్చిన పిమ్మటనే నైజాము ప్రభుత్వము గిరిజనుల గోడు విచారించుటకు హైమెండార్ఫు పండితుని పంపెను. ఉభయ ప్రాంతములకు ఒకే భూమి బదిలీ నిబంధన 1959లో పుట్టి 1963లో తెలంగాణమునకు వర్తించెను. 1970 సవరణతో షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదిలీ చేయుట, అమ్మువారెవరైనను, చెల్లదయ్యెను. శ్రీకాకుళపు కొండలలో 1967 తరువాత చెలరేగిన అలజడికి పిదపనే ఈ సవరణ వచ్చినదని మరువరాదు. ముఠాదారీ పద్ధతి సయితము 1969 నిబంధనతో గాని తొలగలేదు.

పెద్దలారా, ఈ చరిత్రలో ఒక క్రమము కానవచ్చుచున్నది. పరపాలన పోవలెనన్న కోరికలో అన్ని వర్గములును కలియును. పోయిన పిదప ఎవరికేమి అను తావున విడిపోవును. అపుడు సంఘము కట్టుకొన్నవాడు, కాగితము తెలిసినవాడు, కచ్చేరిలో కూర్చున్నవాడు ముందు పొందును. కెన్యా దేశములోను ఇదియే జరిగెను. తెల్లవారు పట్టిన మెట్ట భూముల కొరకు భూమిలేని కికూయూ రైతులు 1952 నుండి అడవులలో పోరాడిరి. 1963లో స్వాతంత్ర్యము వచ్చెను. కాని ఆ భూములను అప్పు చేసి కొనవలసి వచ్చుటచే, అడవిలో పోరాడిన పేదలలో అనేకులకు సెంటు భూమియైనను దక్కలేదు.

మీకు ఈ సంగతులతో పని యేమని అడుగవచ్చును. కొండరెడ్లకు, కోయలకు ఆనాడు లేనిదియు మీకు నేడు ఉన్నదియు ఒకటి కలదు. అది గ్రామసభ. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము, దానినే పీసా చట్టమందురు, షెడ్యూలు ప్రాంతపు గ్రామసభకు భూమి అన్యాక్రాంతము కాకుండ ఆపుటకును, అన్యాయముగా పోయిన భూమిని తిరిగి ఇప్పించుటకును, చిన్నతరహా అటవీ ఫలసాయముపైనను, వడ్డీ వ్యాపారముపైనను అధికారమును ఇయ్యవలెనని చెప్పెను. భూసేకరణకు ముందు సంప్రదింపవలెననెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము పోడు హక్కును నిర్ణయించు పని గ్రామసభలోనే మొదలు కావలెను. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న గిరిజనునకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు పత్రము భార్యాభర్తల ఇరువురి పేర రావలెను. దానిని వారసులకు ఇయ్యవచ్చును గాని అమ్మరాదు. హక్కుల నిర్ణయమునకు కూడు గ్రామసభలో సగము మంది ఉండవలెను, వచ్చినవారిలో మూడవ వంతు స్త్రీలుండవలెను.

1879లో చిగురుపన్నుపై అభిప్రాయము చెప్పుటకు కొండవానికి సభ లేదు, తుపాకి మాత్రమే ఉండెను. నేడు సభ కలదు. కాని సభ కూడకుండ కూడినట్లు వ్రాసిన తీర్మానము, ఇంటింటికి పుస్తకము పంపి వేయించిన వ్రేలిముద్రలు, గిరిజనుని పేర పట్టా ఉండగా వేరొకడు అనుభవించు బినామీ సాగు, ఇవి యన్నియు పాత మన్సబుదారుని క్రొత్త రూపములే. వీనిపై సంతకము పెట్టునది నేడు పరాయి దొర కాదు. మనమే. గిరిజనేతరులైన పేద కూలీలు కూడ మన గ్రామములలో కలరు. వారు మనకు శత్రువులు కారు. వారి కొరకు నివేశన స్థలము, పని, కూలి అడుగవలసినది కూడ పంచాయతీయే. పేద గిరిజనుడును పేద గిరిజనేతరుడును ఒకరినొకరు తరుముకొనుచుండగా మూడవవాడు ఇరువురి భూమిని అనుభవించిన ఉదాహరణములు ఈ అడవి అంచున కొల్లలు.

కావున ఊరికి తిరిగి వెళ్లిన పిమ్మట మూడు పనులు చేయవలసినదిగా కోరుచున్నాను. గ్రామసభ తేదీని వారము ముందుగా దండోరా వేయించుడు. తీర్మానమును సంతకములకు ముందు అందరికిని వినబడునట్లు, కోయ భాష మాటలాడు తావున కోయ భాషలో, చదివించుడు. మీ గూడెములో ఎవరి హక్కు దరఖాస్తు ఎచ్చట ఆగియున్నదో పేరుపేరున ఒక పుస్తకములో వ్రాయించి, ప్రతి సభలో ఆ పుస్తకమును తెరిపించుడు. తెరచిన పుస్తకములో ఎవరి పేరు ఎన్ని సభలుగా అట్లే మిగిలియున్నదో ఆ మనిషినే నిలువబెట్టి అడుగుడు. నాలుగవ ప్రశ్నకు, భూమియు అధికారమును ఎవరి చేతికి వచ్చెనను ప్రశ్నకు, మీ గ్రామపు సమాధానమును అతడే చెప్పగలడు.

 జై హింద్.